పేరు పలకల తోట: దళసరి ఆకుల పూలమొక్కలతో ఒక ప్రాజెక్టు డైరీ

పని ఇది. ఆకుల్లో నీరు దాచుకుని పూలు పూసే మొక్కలను ఒకచోట పెంచాలి. ప్రతి రకానికీ ఎండకూ వానకూ చెరగని పలక ఉండాలి. పలక మీద పేరుతో పాటు ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఒక వాక్యం రాయాలి. పేరు పెట్టినవాళ్ళు ఏ లక్షణం చూసి పెట్టారో అది మన కుండీలో కంటికి కనబడుతుందా అన్నది కూడా పరీక్షించాలి. కాండంలో నీరు దాచుకునే అడీనియం, యుఫోర్బియా, కాక్టస్‌లను కావాలనే వదిలేశాను. ఇక్కడ లెక్క ఆకుదే.

మొదటి జాబితా: క్రాసులా ఓవాటా (జేడ్ మొక్క), గాస్టీరియా, రణపాల, సీడం రుపెస్త్రె, హైలోటెలిఫియం స్పెక్టాబిలె, సెంపర్వివం టెక్టోరం, ఎచెవేరియా, హవర్థియా, కలాంకోయి బ్లాస్ఫెల్డియానా, పోర్చులాకా గ్రాండిఫ్లోరా (మనం టేబుల్ రోజ్ అనేది), డెలోస్పెర్మా కూపెరి, కలబంద.

మొత్తం: 12 రకాలు, రకానికి రెండు చొప్పున 24 కుండీలు, పలకలు 0.

దశ 1: పేర్లను బట్టి పెట్టిన వరసలు, వాటిని ఎందుకు తీసేశాను

పేర్ల తోట కాబట్టి పేర్లనే గుంపులు చేశాను.

1. రూపం చూసి పెట్టినవి. క్రాసులాకు మూలం లాటిన్ ‘క్రాసస్’, అంటే దళసరి. గాస్టీరియాకు గ్రీకు ‘గాస్టర్’, అంటే పొట్ట. రణపాల శాస్త్రీయ నామం బ్రయోఫిలం. గ్రీకులో మొలకెత్తడమనే మాట, ఆకు అనే మాట కలిస్తే వచ్చింది.
2. చోటు చూసి పెట్టినవి. ‘రుపెస్త్రె’ అంటే రాళ్ళ మీద ఉండేది. ‘టెక్టోరం’ అంటే ఇళ్ళ కప్పులది. హైలోటెలిఫియంలోని ‘హైలె’ అంటే అడవి.
3. మనుషుల పేర్లు. ఎచెవేరియా, హవర్థియా, బ్లాస్ఫెల్డియానా.
4. కాయను, గింజను చూసి పెట్టినవి. పోర్చులాకా, డెలోస్పెర్మా.

కలబంద ఏ గుంపులోనూ ఇమడలేదు. ‘అలో’ అన్నది చేదు రసానికి అరబ్బీలో ఉన్న మాట నుంచి వచ్చిందంటారు, ‘వేరా’ అంటే అసలైనది. దాన్ని చివర ఒంటరిగా ఉంచాను.

చదవడానికి ఈ అమరిక బాగుంది, మొక్కలకు కాదు. మూడో వరసలో హవర్థియా ఆకులు నడినెత్తి ఎండకు ఇటుక రంగుకు తిరిగాయి. పక్కనే ఉన్న ఎచెవేరియా అదే ఎండలో ఆకుల గుత్తి బిగించి చక్కగా ఉంది. హవర్థియాను దక్షిణాఫ్రికాలో వెతికితే పొదల నీడలోనో, రాళ్ళ సందులోనో దొరుకుతుంది. ఎచెవేరియాల్లో చాలావరకు మెక్సికోవి. ఈ రెంటినీ ఒక వరసలో నిలబెట్టింది వాటి పేర్లు మనుషులవి కావడం ఒక్కటే. అడ్రియన్ హవర్త్ (1767–1833) ఇంగ్లండులో ఇలాంటి మొక్కల మీద విస్తారంగా రాసిన శాస్త్రవేత్త. అటనాసియో ఎచెవెర్రియా మెక్సికోలో సెసె, మొసీన్యోల వృక్ష యాత్రకు బొమ్మలు వేసిన చిత్రకారుడు. ఆయన పేరు మీద 1828లో స్విస్ వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ ఈ ప్రజాతికి ఎచెవేరియా అని పెట్టాడు. చిత్రకారుడికి దక్కిన ఈ గౌరవమంటే నాకు చాలా ఇష్టం. అయినా మొక్కకు ఎంత ఎండ కావాలో ఆ పేరు చెప్పదు.

మార్పు: వరసలను ఎండ, నీళ్ళ ప్రకారం మళ్ళీ పేర్చాను. ఆరు గంటల పైన నేరు ఎండ పడే చోట పోర్చులాకా, డెలోస్పెర్మా, సీడం. ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోట ఎచెవేరియా, క్రాసులా, కలాంకోయి, రణపాల, కలబంద, హైలోటెలిఫియం. నేరు ఎండ లేని వెలుగులో హవర్థియా, గాస్టీరియా. సెంపర్వివం సంగతి వేరే చెప్పాలి. పేరు ఏ గుంపుదో పలక ఆకారమే చెప్పేలా చేశాను. రూపానికి గుండ్రటి అంచు, చోటుకు చదరం, మనిషికి పై మూలలు కోసినది, కాయకు కింద మొన తేలినది.

దశ 2: మట్టి కొలతలు

ఒక క్రాసులా, ఒక ఎచెవేరియా మొదలు దగ్గర మెత్తబడి పోయాయి. పైమట్టి పొడిగా ఉంది, కుండీ ఎత్తితే బరువుగా ఉంది. అందుకే మట్టిని కంటితో కాక తక్కెడతో చూడడం మొదలుపెట్టాను. పరీక్ష అన్నింటికీ ఒకటే. 15 సెం.మీ. కుండీలో పొడి మిశ్రమం నింపి తూచాలి, అర లీటరు నీళ్ళు మెల్లగా పోయాలి, కింద గిన్నెలో పడినవి కొలవాలి, వారం తర్వాత మళ్ళీ తూచాలి.

మిశ్రమం అ (తోటమట్టి 2 పాళ్ళు, కంపోస్టు 1, సన్న ఇసుక 1): కిందికి దిగినవి 130 మి.లీ. వారం తర్వాత కూడా లోపల 210 గ్రాముల నీరు.

మిశ్రమం ఆ (అదే మట్టి, అడుగున 4 సెం.మీ. గులకరాళ్ళు): దిగినవి 140 మి.లీ. వారం తర్వాత 190 గ్రాములు. ఆ కాస్త తగ్గుదల కూడా కుండీలో మట్టి తక్కువ పట్టినందువల్లే.

మిశ్రమం ఇ (2 నుంచి 5 మి.మీ. ఇటుక ముక్కలు 2 పాళ్ళు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల ఖనిజ గుళికలు 1, కంపోస్టు 1): దిగినవి 320 మి.లీ. వారం తర్వాత 40 గ్రాములు.

అడుగున రాళ్ళు పరిస్తే నీరు బాగా పోతుందని చాలామంది చెబుతారు. కుండీ బోర్లించి చూస్తే రాళ్ళకు సరిగ్గా పైన మట్టి బురదగా ఉంది. సన్న రంధ్రాల మట్టి నీటిని పట్టి ఉంచుకుంటుంది. పూర్తిగా నానేదాకా కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి దాన్ని వదలదు. రాళ్ళు పరిస్తే ఆ తడి పొర వేళ్ళకు ఇంకా దగ్గరగా పైకి జరుగుతుందే తప్ప తగ్గదు. సన్న ఇసుక మట్టి ఖాళీలను పూడ్చేస్తుంది, అంటే మనం కోరినదానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది.

చేయవలసినవి:

1. ఇటుకలను పగలగొట్టి 5 మి.మీ. జల్లెడ పట్టండి. కింద పడినదాన్ని 2 మి.మీ. జల్లెడలో మళ్ళీ పట్టండి. పైన మిగిలినదే కావాలి, పొడి పారేయండి.
2. ముక్కలను కడగండి. కడగకపోతే అంటుకున్న పొడి కుండీ రంధ్రం దగ్గర గట్టిపడుతుంది.
3. కుళ్ళిన మొక్క నుంచి గట్టిగా ఉన్న ఆకులను మొదలుతో సహా విరవండి. గాయం ఎండి పొరకట్టేదాకా నీడలో పొడిగా ఉంచండి. ఆ తర్వాతే మిశ్రమం మీద పరచండి. తడి గాయంతో పరిచినవి మిగలలేదు.

పోయిన ఎచెవేరియా ఆకుల నుంచి రెండు పిల్లమొక్కలు వచ్చాయి.

మొత్తం: 12 రకాలు, 24 − 2 + 2 = 24 కుండీలు.

దశ 3: ‘ఎప్పటికీ బతికేది’ బతకలేదు

సెంపర్వివం పేరులో ‘సెంపర్’ అంటే ఎల్లప్పుడూ, ‘వివం’ అంటే బతికున్నది. యూరప్‌లో దీన్ని ఇంటి కప్పుల మీద పెంచేవారు. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ కాలపు ఎస్టేట్ల శాసనం ‘కపితులారె దె విల్లిస్’ చివర, తోటమాలి తన ఇంటి కప్పు మీద ‘జూపిటర్ గడ్డం’ పెంచాలని ఉంటుంది. ఆ గడ్డం ఇదే మొక్క. పిడుగు పడకుండా కాపాడుతుందని నమ్మేవారు. ఈ చరిత్ర చదివినవారెవరైనా దీన్ని మొండి మొక్క అనుకుంటారు. వేడీ తేమా కలిసి వచ్చిన రోజుల్లో ఒక కుండీ నడిమి నుంచి నల్లబడి పోయింది, అదీ మిశ్రమం ఇ లోనే.

ఇది కొండలది. చలికి, మంచుకు తట్టుకుంటుంది. వెచ్చటి రాత్రులకు తట్టుకోదు. పేరు పెట్టినవాళ్ళు చూసింది చలికాలంలోనూ పచ్చగా ఉండే గుత్తులను. పైగా పూసిన గుత్తి పూత అయ్యాక చచ్చిపోతుంది, చుట్టూ తీగల చివర వేసిన పిలకలు దాని స్థానం తీసుకుంటాయి. ‘ఎల్లప్పుడూ’ అన్న మాట పాదుకు నిజం, ఒక్కో గుత్తికి కాదు. పలక మీద ఈ రెండో వాక్యం కూడా రాశాను. లేకపోతే చదివినవారు పూసిన మొక్క చస్తే పెంపకంలో లోపం అనుకుంటారు.

రెండో కుండీకి చేసిన మార్పులు: ప్లాస్టిక్ తీసి వెడల్పాటి మట్టి కుండీ, ఇటుక ముక్కల పాలు మూడొంతులకు పెంపు, మధ్యాహ్నం ఎండ పూర్తిగా మాయం, గాలి ఆడేచోట నేల నుంచి ఎత్తు మీద. వేడి నెలల్లో నీళ్ళు ఆకుల మధ్య నిలవకుండా పక్కనుంచే. పిలకలు మూడు వచ్చాయి, వేరు చేశాను.

మొత్తం: 24 − 1 + 3 = 26 కుండీలు.

హైలోటెలిఫియం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కాడలు సాగి వాలిపోతుంటే పూతకు ముందే సగానికి కత్తిరించాను, గుబురుగా వచ్చి గులాబీ రంగు గొడుగుల్లా పూసింది. దీన్ని పాత పుస్తకాల్లో సీడం స్పెక్టాబిలె అనే చూస్తారు. జపాన్ వృక్షశాస్త్రవేత్త ఓబా 1977లో వేరే ప్రజాతిగా విడదీశారు. ‘టెలిఫియం’ అన్న ప్రాచీన మొక్క పేరు గ్రీకు కథల్లోని టెలిఫస్‌ది. అకిలీస్ ఈటె చేసిన గాయం మానక బాధపడినవాడు అతడే.

దశ 4: పలకలు

మొదట తెల్ల ప్లాస్టిక్ పలకల మీద చెరగని సిరా అని అమ్మే మార్కరుతో రాశాను. నేరు ఎండ వరసలో రాత ముందు గోధుమ రంగుకు, తర్వాత ఏమీ లేనట్టుగా మారింది. నీడలో ఉన్న హవర్థియా పలక బాగానే ఉంది. అంటే చెరిపింది వాన కాదు, ఎండ. అదే ప్లాస్టిక్ మీద మెత్తటి పెన్సిల్‌తో రాసినది నిలిచింది, కానీ పలకే పెళుసుబారి విరిగింది.

చివరికి కుదిరినది శీతల పానీయాల డబ్బాల అల్యూమినియం రేకు.

1. డబ్బా పైన కింద కోసి, మధ్య రేకును చదును చేయండి. అంచులు చేతులు కోస్తాయి, తోలు చేతితొడుగులు వేసుకోండి.
2. 11 సెం.మీ. × 5 సెం.మీ. ముక్క కోసి, చుట్టూ 3 మి.మీ. లోపలికి మడిచి నొక్కండి.
3. కింద పాత పత్రిక పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా రాయండి. రాత రేకులో గుంటగా పడుతుంది. ఇక చెరగడానికి రంగే లేదు.
4. పై భాగంలో రంధ్రం చేసి రాగి తీగతో కడ్డీకి కట్టండి.

తెలుగు రాతకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. 4 మి.మీ. ఎత్తు అక్షరాలు రాస్తే తలకట్లు, సున్నాలు కలిసిపోయి ముద్దయ్యాయి. ఒత్తులు కింది వరసను తాకాయి. 7 మి.మీ. అక్షరం, వరసల మధ్య మరో 6 మి.మీ. వదిలితే చదవడానికి వచ్చింది. పొల్లు గీత రేకు మీద గీతపడినట్టే కనబడుతుంది. అందుకని ‘సీడమ్’, ‘సెంపర్వివమ్’ కాకుండా సున్నాతో ‘సీడం’, ‘సెంపర్వివం’ అని ఖాయం చేశాను. ఈ డైరీ అంతా అలాగే ఉంది.

శాస్త్రవేత్తలు పేర్లు మార్చినప్పుడల్లా రేకు మార్చనవసరం లేకుండా, పాత పేరును వెనక వైపు రాశాను. రణపాలకు ఇది తప్పనిసరి. కొందరు దాన్ని బ్రయోఫిలం అంటారు, మరికొందరు కలాంకోయిలో కలుపుతారు.

మొత్తం: 12 రకాలు, 26 కుండీలు, 12 రేకు పలకలు. పాత ప్లాస్టిక్ పలకలన్నీ తీసేశాను.

దశ 5: పూయని కలాంకోయి

కలాంకోయి పేరును 1763లో ప్రచురించినవాడు ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త ఆడన్సన్. ఒక చైనా మొక్కకు అక్కడ ఉన్న పేరును కామెల్ రాతల నుంచి తీసుకున్నాడు. కెమెల్లియా పూలకు పేరిచ్చిన కామెల్ ఆయనే. బ్లాస్ఫెల్డియానా అన్నది దీన్ని జర్మనీలో ప్రచారంలోకి తెచ్చిన రాబర్ట్ బ్లాస్ఫెల్డ్ పేరు. మొక్క పుట్టిల్లు మడగాస్కర్.

కొన్నప్పుడు గుత్తులుగా ఉన్న పూలు రాలాక మళ్ళీ ఒక్క మొగ్గ రాలేదు. ఆకులు నిగనిగలాడుతూనే ఉన్నాయి. ఎరువు ఇస్తే ఆకులే పెరిగాయి. ఇది రాత్రి పొడవును కొలిచి పూసే మొక్క. రోజుకు 14 గంటల ఎడతెగని చీకటి సుమారు ఆరు వారాలు కావాలి. నేను ఉంచినచోట కిటికీ వెలుగు అర్ధరాత్రి దాకా పడుతోంది. మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగినా మొక్క ఆ రాత్రిని చిన్న రాత్రిగానే లెక్కిస్తుంది.

1. వెలుగు దూరని అట్టపెట్టె తీసుకుని, కీళ్ళ దగ్గర నల్ల టేపు వేయండి.
2. సాయంత్రం 6కు మూయండి, ఉదయం 8కి తీయండి. పగలు మంచి వెలుగు ఉండాలి.
3. ఈ రోజుల్లో నీళ్ళు తక్కువ, ఎరువు వద్దు.
4. మొగ్గలు కంటికి కనబడ్డాక పెట్టె ఆపేయవచ్చు.

పోలిక కోసం రెండో కుండీని పెట్టె లేకుండా అదే కిటికీ దగ్గర ఉంచాను. పెట్టెలోది 5 గుత్తులు వేసింది, బయటిది ఒక్కటీ వేయలేదు.

దశ 6: పేరును కాయలో చూడడం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినది ఇదే. కాయను చూసి పెట్టిన పేర్లు రెండూ నీటి చుక్కతో, భూతద్దంతో ఇంట్లోనే తేల్చుకోగలిగినవి.

పోర్చులాకా: లాటిన్‌లో ‘పోర్టులా’ అంటే చిన్న తలుపు. ముందు మొక్క పూలే విచ్చలేదు. మొదటి అమరికలో దానికి ఉదయం గోడ నీడ, ఆపైన కాసేపే ఎండ. నేరు ఎండకు మార్చాక పూలు విచ్చాయి, మబ్బు రోజుల్లో మాత్రం ముడుచుకునే ఉన్నాయి. పూత వాడాక కాయలు వదిలేయండి, గిల్లకండి. ముదిరిన కాయ నడుము చుట్టూ సన్నటి గీత ఏర్పడుతుంది. గోటితో పైన తాకితే గీత దగ్గర తెగి, పై సగం మూతలా గుండ్రంగా ఊడి వస్తుంది. కింద గిన్నెలో బూడిద రంగు గింజలు, ఆవగింజ కంటే చాలా చిన్నవి. కాయ కొలత 4 మి.మీ. లోపే. మూత ఊడేముందే కింద తెల్ల కాగితం పరవకపోతే గింజలు మట్టిలో కలిసిపోతాయి. కలుపు మొక్కగా కనబడే గంగవాయిలి కూడా పోర్చులాకాయే. దాని కాయ విప్పినా ఇదే మూత.

డెలోస్పెర్మా: గ్రీకు ‘డెలోస్’ అంటే బయటికి కనబడేది, ‘స్పెర్మా’ అంటే గింజ. వృక్షశాస్త్రవేత్త ఎన్. ఇ. బ్రౌన్ 1925లో పెట్టాడు. కూపెరి అన్నది దక్షిణాఫ్రికాలో మొక్కలు సేకరించిన థామస్ కూపర్ పేరు. ఎండిన కాయను విప్పబోతే నలిగి పొడైంది. గింజలు కనబడడం సంగతి అటుంచి, అసలు దొరకనే లేదు. ఇక్కడ తలుపు తీసేది నీరు. ఇలా చేయండి:

1. గోధుమ రంగుకు తిరిగిన కాయను కాడతో కోసి, పొడి పళ్ళెంలో నిలబెట్టండి.
2. పైన రెండు మూడు చుక్కల నీళ్ళు వేసి భూతద్దంతో చూస్తూ ఉండండి.
3. నిమిషాల్లోనే ఐదు రెక్కలు వెనక్కి వాలి నక్షత్రంలా పరుచుకుంటాయి.
4. గదుల్లోని గింజలు పైన పొర ఏదీ లేకుండా నేరుగా కనబడతాయి. ఈ బంధువర్గంలో చాలా మొక్కలకు గది మీద పొర ఉంటుంది. దీనికి లేకపోవడమే పేరుకు కారణం.
5. ఆరనిస్తే కాయ మళ్ళీ మూసుకుంటుంది. రెండోసారి తడిపినా తెరుచుకుంది.

పొడి దేశపు మొక్క వాన పడినప్పుడే గింజలు వదులుతుంది, చినుకు తగిలి అవి ఎగిరి పడతాయి. గింజలు విత్తే పద్ధతి కూడా దీన్నిబట్టే మార్చాను. పొడి మట్టిలో చల్లి మెల్లగా తడిపే బదులు, ముందే బాగా తడిసిన మిశ్రమం మీద చల్లాను, పైన మట్టి కప్పలేదు.

ఇదే కుటుంబంలో మెసెంబ్రియాంథెమం అనే పేరు ఉంది. దాని కథ పలక మీద పట్టదు, అందుకే ఇక్కడ. వృక్షశాస్త్రవేత్త బ్రైన్ 17వ శతాబ్దం చివర దీన్ని గ్రీకు ‘మెసెంబ్రియా’, అంటే మధ్యాహ్నం, అన్న మాట నుంచి మధ్యాహ్నపు పువ్వుగా పిలిచాడు. తర్వాత రాత్రి పూసే జాతులూ దొరికాయి. అప్పుడు డిల్లేనియస్ అనే మరో వృక్షశాస్త్రవేత్త గ్రీకు స్పెల్లింగులో ఒక్క అక్షరం మార్చి, నడుమ పిండం ఉన్న పువ్వు అనే అర్థం వచ్చేలా చేశాడు. మొక్కలకు రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన లినేయస్ ఆ మార్పునే ఉంచాడు. మొక్క పేరుకు ఒప్పకపోతే పేరునే సవరించిన మనిషి పని నాకు ఎంతో గౌరవించదగినదిగా కనబడుతుంది.

గాస్టీరియా పొట్ట కూడా ఈ వరసలోనే కొలిచాను. పువ్వు గొట్టం అడుగున 7 మి.మీ., పైన 4 మి.మీ. పేరు నిలబడింది.

దశ 7: రణపాల ఆకు, ఉదయం పులుపు

బ్రయోఫిలం అన్న పేరు పరీక్ష సులువు. ముదురు ఆకు ఒకటి కోసి తడి మిశ్రమం మీద పరచండి, అంచు నొక్కుల్లో మొలకలు వస్తాయి. 14 నొక్కులున్న ఆకుకు 9 మొలకలు వచ్చాయి. ఆకు మొక్కకు ఉండగా ఒక్కటీ రాలేదు. వీటిని కుండీల లెక్కలో వేయలేదు.

అసలు చూడదలచుకున్నది మరొకటి. ఇండియాలో పనిచేసిన బెంజమిన్ హెయిన్ ఇదే మొక్క ఆకు ఉదయం పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా ఉంటుందని గమనించి, 1813లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్ర సంఘానికి చేరిన లేఖలో రాశాడు. ఈ మొక్కలు రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా దాచుకుంటాయి, పగలు రంధ్రాలు మూసి వాడుకుంటాయి. ఈ పద్ధతికి క్రాసులా కుటుంబం పేరు మీదే క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం అన్న పేరు వచ్చింది. దళసరి అన్న లాటిన్ మాట ఆ విధంగా జీవరసాయన శాస్త్రంలోకీ చేరింది.

నోట పెట్టుకుని చూడవద్దు. రణపాల, కలాంకోయిల్లో గుండె మీద పనిచేసే విషపదార్థాలున్నాయి, పెంపుడు జంతువులకూ పశువులకూ ప్రమాదం. రసం ఎంత పులుపో రంగు మారి చూపే పీహెచ్ కాగితం చాలు. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ.

1. తెల్లవారకముందే ఒక ఆకు నుంచి గుండ్రటి ముక్క కోసి నలపండి, కాగితం అద్దండి.
2. అదే మొక్క మీద అదే వయసు ఆకుతో మధ్యాహ్నం దాటాక మళ్ళీ చేయండి.

ఉదయం కాగితం సుమారు 4 చూపింది, సాయంత్రం 5.5. మబ్బుగా ఉన్న రోజు సాయంత్రానికి తేడా సగమే వచ్చింది, అందుకే ఎండ రోజునే చేయడం మంచిది. మొదట లేత ఆకుతో చేస్తే తేడా సరిగా తెలియలేదు, ముదురు ఆకుకు మారాక స్పష్టంగా వచ్చింది.

ప్రస్తుత మొత్తం: 12 రకాలు, 26 కుండీలు (రాతి మీదకు మార్చిన సీడం కలిపి), 12 పలకలు. పేరులోని లక్షణాన్ని కంటితో చూసినవి 6: క్రాసులా ఆకు మందం, గాస్టీరియా పొట్ట, రణపాల మొలకలు, పోర్చులాకా మూత, డెలోస్పెర్మా గింజలు, సెంపర్వివం పిలకలు.

మిగిలిన పని: సీడం. ఆ పేరును లాటిన్‌లో కూర్చోవడం అనే మాటతో ముడిపెడతారు, రాళ్ళ మీద కూర్చున్నట్టు పాకుతుంది కాబట్టి. దాన్ని కుండీ నుంచి తీసి, 3 సెం.మీ. లోతు మాత్రమే ఇటుక ముక్కలు పోసిన రాతి పలక మీదకు మార్చాను. పక్కన 10 సెం.మీ. లోతు కుండీలో దాని జోడు ఉంది. రెంటికీ ఒకే రోజు ఒకే కొలత నీళ్ళు పోస్తూ, తీగ పొడవు నెలకోసారి కొలుస్తున్నాను. మొదటి కొలత: రాతి మీద 6 సెం.మీ., కుండీలో 9.